పూత వేసే ముందు

గత డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం మా ఆపా కొడుకు ఫోను చేశాడు. "మామూ, కారుకు సిరామిక్ కోటింగ్ ఇంటి దగ్గరే వేద్దామనుకుంటున్నాను. మీరు కాస్త వచ్చి పక్కన నిలబడితే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. ఎనిమిదేళ్ళు వాడిన ముదురు నీలం రంగు కారు అది. అమ్మదలచుకున్నాడు. మెరుస్తూ కనిపిస్తే మంచి ధర పలుకుతుందని ఆశ. దుకాణంలో వేయిస్తే వేల రూపాయల ఖర్చు. సీసా తెప్పించుకుని స్వయంగా వేసుకుంటే అందులో చిన్న భాగంతో పని పూర్తవుతుంది. ఈ శీర్షిక పాఠకులలోనూ కొందరు ఇదే విషయం వ్రాయమని అడుగుతున్నారు గనుక, అప్పుడు మేమిద్దరం చేసిన పనిని, మధ్యలో ఎదురైన ఒక చిక్కును కూడా వివరిస్తాను.

ముందుగా, ఈ పూత అంటే ఏమిటో తెలుసుకోవాలి. సీసాలో ఉండేది సిలికా సంబంధమైన పదార్థం కరిగి ఉన్న ద్రావకం. దానిని రంగుపై పలుచగా రాస్తే ద్రావకం ఆవిరైపోతుంది. మిగిలిన పదార్థం గాలిలోని తేమతో కలిసి గట్టిపడి రంగును అంటిపెట్టుకుంటుంది. మైనపు పాలిష్ కొన్ని వారాలకు కరిగిపోతుంది. ఇది అలా పోదు, జాగ్రత్తగా చూసుకుంటే కొన్నేళ్ళు నిలుస్తుంది. అయితే ఈ పొర మందం ఇంచుమించు ఒక మైక్రాను మాత్రమే. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ప్రకటనలలో గొప్పగా చెప్పే 9హెచ్ అన్నది పెన్సిళ్ళతో గీసి చూసే పరీక్షలోని అంకె. వజ్రపు గట్టిదనంతో దానికి సంబంధం లేదు. రోడ్డుపై ఎగిరిపడే రాయిని గానీ, వీధి పిల్లలు మేకుతో గీసే గీతను గానీ ఈ పూత ఆపలేదు. అది చేయగలిగినదల్లా నీటిని, దుమ్మును అంటనీయకుండా జారవిడవడం, ఎండకు రంగు వెలిసిపోవడాన్ని కొంత ఆలస్యం చేయడం, కడగడాన్ని సులభం చేయడం. ఇంతకు మించి ఆశించి డబ్బు పెట్టేవారు నిరాశపడతారు.

అసలు సంగతి మరొకటి ఉంది. పూత పారదర్శకంగా ఉంటుంది. దాని కింద ఏది ఉంటే దానినే పట్టి ఉంచుతుంది. మురికి ఉంటే మురికి, సన్నని గీతలుంటే గీతలు, అన్నీ ఆ పొర కింద అలాగే ఉండిపోతాయి. కనుక రెండు రోజుల పనిలో పూత వేయడానికి పట్టేది రెండు మూడు గంటలే, మిగిలిన సమయమంతా సిద్ధపరచడానికే చెల్లుతుంది. ఇది తెలియక నేను గతంలో మా స్కూటరు మీద తొందరపడి పూత వేసి, దుమ్ము రేణువులను శాశ్వతంగా అద్దాల పెట్టెలో పెట్టినట్లు భద్రపరిచాను!

నేను వెళ్ళేసరికి మేనల్లుడు పైపు పట్టుకుని ధారాళంగా నీరు వదులుతున్నాడు. పైపు కట్టించి రెండు బకెట్లు తెప్పించాను. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే రెండు చేతులూ కలిపి పట్టేటంత కొలతతో, వుజూ చేసేవారని హదీసులలో చదువుకునే మనం కారుకు ట్యాంకు ఖాళీ చేయడం బాగుండదు. పైగా రెండు బకెట్ల పద్ధతి రంగుకే మంచిది. ఒక దానిలో షాంపూ నీరు, మరొక దానిలో మామూలు నీరు ఉంచి, గుడ్డను ప్రతిసారీ మామూలు నీటిలో జాడించి ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. అలా చేస్తే ఇసుక రేణువులు తిరిగి రంగుపైకి రావు. చిన్న గీతలలో ఎక్కువ భాగం కడిగేటప్పుడు పడేవే. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వాడకూడదు.

కడిగిన తర్వాత అరచేతికి పలుచని పాలిథిన్ సంచి తొడుక్కుని బానెట్‌పై నిమిరి చూడండి. కంటికి శుభ్రంగా కనిపించే చోట కూడా గరగరలాడుతుంది. బ్రేకుల నుంచి, రైలు పట్టాల నుంచి ఎగిరివచ్చే ఇనుప రజను రంగులో గుచ్చుకుని ఉంటుంది. దానిని తొలగించే ద్రావకం చల్లితే ఇనుము ఉన్నచోట ఊదారంగు కన్నీళ్ళలా కారుతుంది. మా ఆపా కిటికీలోంచి చూసి, "కారుకు దెబ్బ తగిలిందా ఏమిటి?" అని కంగారుపడింది. ఇంకా మిగిలిన తారు మరకలను, చెట్ల జిగురును క్లే బార్ అనే మెత్తని ముద్దతో, షాంపూ నీరు చల్లుతూ రుద్ది తీయాలి. ఆ ముద్ద నేల మీద పడితే మళ్ళీ వాడకూడదు. దానికి అంటిన ఒక్క ఇసుక రేణువు చాలు, బానెట్ అంతా గీయడానికి.

ఆపైన పాలిష్ పట్టాలి. కారు రంగుపై ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్ల పాటిది. పాలిష్ చేయడమంటే అందులో కొంత అరగదీయడమే. కనుక చేతితోనో, తక్కువ వేగంతో తిరిగే యంత్రంతోనో మెల్లగా చేయాలి. అంచుల దగ్గర యంత్రాన్ని ఆపి ఉంచరాదు. లోతైన గీతలను పూర్తిగా పోగొట్టాలనే పంతం పట్టరాదు.

ఈ దశలోనే మాకు ఆ చిక్కు ఎదురైంది. గీతలు కనిపించడానికి పక్క నుంచి లైటు వేసి చూస్తున్నాం. ఎడమవైపు వెనుక తలుపు నీలం మిగిలిన కారు నీలంతో కలవలేదు. దగ్గరగా చూస్తే తలుపు అంచు రబ్బరుపై రంగు తుంపరలున్నాయి. ఫ్రిజ్ మీది అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి పెట్టి చూశాను. ముందు తలుపును గట్టిగా పట్టుకున్నది, వెనుక తలుపు మధ్యలో పట్టు లేక జారిపోయింది. లోపల పుట్టీ దట్టంగా ఉందన్నమాట.

"రెండేళ్ళ క్రితం ఆటో గుద్దింది మామూ. టింకరింగ్ చేయించి రంగు వేయించాను. కోటింగ్ వేశాక తేడా ఎవరికీ తెలియదులెండి" అన్నాడు మేనల్లుడు.

నిజమే, తెలియదు. తడిసినట్లు మెరిసే ఉపరితలం మీద చూపు నిలవదు, రంగులోని తేడాలు కలిసిపోతాయి. నేను వెంటనే ఏమీ అనలేదు. టీ తాగేటప్పుడు, సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన సంఘటన గుర్తుచేశాను. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ దానిలోకి చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని యజమాని బదులిచ్చాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు.

మేనల్లుడు కాస్త నొచ్చుకున్నాడు. "నేను అబద్ధం చెప్పడం లేదు కదా? అడిగితే చెబుతాను. సరుకును శుభ్రం చేసి అమ్మడం కూడా తప్పేనా?" అన్నాడు. అతడి ప్రశ్నలో న్యాయముంది. పండ్లను తుడిచి పేర్చే వర్తకుడు, ఇంటికి సున్నం వేయించి అద్దెకిచ్చే యజమాని తప్పు చేస్తున్నారని ఎవరూ అనరు. ఆ ధాన్యపు వర్తకుడు కూడా అడిగిన వెంటనే నిజం చెప్పాడు, అబద్ధమాడలేదు. అయినా ఆయనకు ఆ మందలింపు తప్పలేదు. కొనేవాడికి అడగాలన్న ఆలోచన కూడా రాకుండా లోపాన్ని కింద ఉంచడమే అక్కడ నేరమైంది. కారు మెరవడంలో తప్పు లేదు. ఆ తలుపు సంగతి తెలిసి ఉండీ, ఆ మెరుపు దానిని కప్పివేస్తుందని పూత వేయడమే తప్పు. అమ్మేవారు, కొనేవారు నిజం పలికి, ఉన్నది ఉన్నట్లు స్పష్టం చేసుకుంటే వారి వ్యాపారంలో శుభం ప్రసాదించబడుతుందని, దాచిపెడితే ఆ శుభం తుడిచివేయబడుతుందని బుఖారీ, ముస్లింలలో హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. నేను ఇంతవరకే చెప్పాను. ఎలా అమ్ముకోవాలో నిర్ణయించుకోవలసింది అతడే.

ఆ రోజు పని అక్కడితో ఆపేశాం. మర్నాడు అతడే ఫోను చేసి రమ్మన్నాడు. తలుపు విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పూత వేయడానికి తగిన వేళ చూసుకోవాలి. రేకు చేతికి చల్లగా తగలాలి, నేరుగా ఎండ పడకూడదు, మంచు తడి ఉండకూడదు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో పగటిపూట ఈ పని పెట్టుకోరాదు. రేకు కాలుతుంటే పూత రాసీ రాయకముందే బిగుసుకుపోతుంది. మేము ఉదయం మంచు ఆరాక వరండా నీడలో మొదలుపెట్టాం. మొదట పాలిష్ జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిచాం. పేరు విని కొందరు సందేహిస్తారు. ఇది ద్రాక్షతోనో ఖర్జూరంతోనో పులియబెట్టి తీసిన మత్తుపానీయం కాదు, చేతుల శానిటైజర్లలో చాలావాటిలో వాడే ద్రావకమే. తాగితే విషం, పిల్లలకు అందనివ్వకండి. ఇంకా మనసు ఒప్పకపోతే జిడ్డు తీయడానికి ఆల్కహాల్ లేని ద్రావకాలూ దొరుకుతాయి.

సీసాతో పాటు వచ్చే చిన్న స్పాంజి దిమ్మకు మెత్తని గుడ్డ చుట్టి, నాలుగైదు చుక్కలు వేసి, రెండడుగుల చదరం మేర మాత్రమే రాయాలి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. ఒకటి రెండు నిమిషాలలో ఆ చోట నూనె తేలిన నీటిపై కనిపించే ఇంద్రధనుస్సు రంగుల వంటివి తేలతాయి. అప్పుడే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి, వెంటనే మరొక శుభ్రమైన గుడ్డతో మళ్ళీ తుడవాలి. తొందరపడితే పూత ఊడివస్తుంది, ఆలస్యమైతే మబ్బు మచ్చ కడుతుంది. సముద్రతీరపు ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ గనుక అక్కడ ఇంకా త్వరగా తుడవాలి. ప్రతి రేకునూ లైటు వేసి పరిశీలించాకే తర్వాతి దానికి వెళ్ళండి. గట్టిపడిన మచ్చను తీయాలంటే మళ్ళీ పాలిష్ పట్టడమే మార్గం. మధ్యలో అజాన్ వినిపిస్తే కంగారుపడనక్కరలేదు. చేతిలో ఉన్న రేకును తుడిచి ముగించి జమాతుకు వెళ్ళిరావచ్చు. చిన్న కారుకు ఒక పొరకు 30 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది. కొత్తగా రంగు వేయించిన రేకైతే కనీసం నెల రోజులు ఆగాలి.

దుకాణాలవారు చెప్పనిది, మన ఇళ్ళలో తప్పక తెలియవలసినది ఒకటుంది. ఈ పని నైట్రైల్ చేతి తొడుగులు లేకుండా చేయకండి. పూత చర్మం మీద, గోళ్ళ మీద కూడా గట్టిపడుతుంది. మెహందీ రంగును మాత్రమే మిగిల్చి పోతుంది గనుక వుజూకు అడ్డం కాదు. గోళ్ళ రంగు పొరగా నిలిచి నీటిని ఆపుతుంది గనుక దానిని తీయనిదే వుజూ కాదని మన ఆడపిల్లలకు కూడా తెలుసు. సిరామిక్ పూత ఈ రెండవ కోవకు చెందినది. నీటిని అంటనీయకపోవడమే దాని పని కదా! పొరపాటున చేతికి అంటితే ఆరకముందే సబ్బుతో కడిగేయండి. గట్టిపడి ఎంత ప్రయత్నించినా పోకపోతే ఏం చేయాలో మీ మస్జిదు ఇమాము గారిని అడగండి. ద్రావకం ఘాటు కూడా మంచిది కాదు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. తలుపులు మూసిన షెడ్డులో వద్దు, గాలి ఆడే చోట మాస్కు కట్టుకుని చేయండి. గర్భిణులను, చిన్నపిల్లలను దూరంగా ఉంచండి. వాడిన గుడ్డలు ఉతికి మళ్ళీ కారుకు వాడదామనుకోకండి. వాటిలో గట్టిపడిన పూత ఆకురాయిలా గీస్తుంది.

మొదటి రోజు నీరు తగలనివ్వకూడదు, వారం రోజులు షాంపూతో కడగకూడదు. తర్వాత కూడా, నీరు జారిపోతుందిలే అని తుడవకుండా వదిలేయడం పెద్ద పొరపాటు. మన బోరు నీటిలో ఉప్పు ఎక్కువ. ముత్యాల్లా నిలిచిన చుక్కలు ఎండలో ఆరితే ఒక్కొక్కటి ఒక్కొక్క తెల్లని ఉంగరం వదులుతుంది. పక్షి రెట్టను కూడా ఆ పూటే తడిపి తీసేయాలి.

తెరిచిన సీసా నిలవ ఉండదు గనుక మిగిలిన కొద్ది చుక్కలను ఆ సాయంత్రం ఆపా స్కూటరు రేకులకు రాశాం. బ్రేకు డిస్కుకు ముందుగానే పాలిథిన్ సంచి కట్టాం. దానిపై ఒక్క చుక్క పడినా ప్రాణాపాయం. సీటుకు, చేతిపట్లకు, మాట్ రంగుకు ఈ పూత వేయకూడదు.

కారు అమ్మకానికి పెట్టాక మొదట వచ్చినవారు తలుపు సంగతి విని, రేపు చెబుతామని వెళ్ళి మళ్ళీ ఫోను చేయలేదు. మేనల్లుడు నాతో రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో వారంలో ఒక ఉపాధ్యాయుడు తన తండ్రిగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన అయస్కాంతం అడిగి తీసుకుని కారంతా తిరిగి చూశారు. ఆ ఒక్క తలుపు తప్ప మరెక్కడా జారలేదు. అడిగిన ధరలో పన్నెండు వేలు తగ్గించి తీసుకున్నారు. మేనల్లుడు అనుకున్న దానికి అది తక్కువే. మొన్న ఆ ఉపాధ్యాయుడే ఫోను చేసి, తన అన్నగారి కారుకు కూడా ఇంటి దగ్గర పూత వేసుకుంటామని, ఎంత సీసా కావాలని అడిగారట. 30 మిల్లీలీటర్లు చాలని, తొడుగులు మాత్రం రెండు జతలు కొనుక్కోమని మనవాడు చెప్పాడట.