పాట కావాలి, భాష వద్దా?

"పోయింది" అనే మాట తెలుగులో భలే సౌకర్యం. తాళంచెవి పోయింది, కరెంటు పోయింది, తాతయ్య పోయాడు. ఎవరు పోగొట్టారు, ఎవరు పీకేశారు అని అడిగే పని లేదు. యిడ్డిష్ సంగీతం మీద, యిడ్డిష్ సినిమా మీద ఏ పరిచయ వ్యాసం తీసినా ఇదే ధోరణి. "పోయిన ప్రపంచం", "అంతరించిన సంస్కృతి", ఆపైన దానికో "పునరుజ్జీవనం". కచేరీ పోస్టర్లూ అంతే. ఒక క్లారినెట్ బొమ్మ, కాస్త పచ్చబడ్డ పాత ఫోటో.

ఈ మాటలతో నాకు పేచీ ఉంది.

రెండో ప్రపంచయుద్ధానికి ముందు యిడ్డిష్ మాట్లాడేవాళ్లు కోటికి పైనే. జర్మన్ మూలం, హిబ్రూ లిపి, మధ్యమధ్యలో స్లావ్ మాటలు. తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష అది. నాజీలు చంపిన 60 లక్షలమంది యూదుల్లో అత్యధికులు ఈ భాషవాళ్లే. మిగిలినవాళ్ల సంగతి స్టాలిన్ చూసుకున్నాడు. 1948 జనవరిలో మహానటుడు సొలొమన్ మిఖోయెల్స్‌ని చంపించి రోడ్డు ప్రమాదమని చెప్పించాడు. 1952 ఆగస్టు 12న పెరెత్స్ మార్కిష్ లాంటి కవులతో కలిపి 13 మందిని కాల్పించాడు. పోనీ సొంతవాళ్లు ఆదరించారా? 1930లో టెల్ అవీవ్‌లోని మొగ్రబీ థియేటర్లో అమ్మ మీద తీసిన ఒక యిడ్డిష్ టాకీ వేస్తే, హిబ్రూ భాషాభిమానులు గొడవచేసి తెర మీదకి సిరా విసిరారు. అక్కడ కొత్త దేశం కలలో ఈ భాషకి చోటు లేదు, అమెరికాలో పిల్లలకి ఇది నాన్నగారి యాస, సిగ్గుపడాల్సిన సంగతి.

ఇంత జరిగాక "పోయింది" అనడం ఒకరకంగా నిందితులకి బెయిలివ్వడమే.

క్లెజ్మర్ గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. హిబ్రూలో 'క్లీ' అంటే పనిముట్టు, 'జెమెర్' అంటే పాట. మొదట్లో ఆ మాట సంగీతానిది కాదు, వాయించేవాడిది. పెళ్లిళ్లలో వాయించే వంశపారంపర్యపు వాద్యగాళ్లు వీళ్లు. వయొలిన్, సంతూర్‌కి చుట్టమైన సింబల్, తర్వాత్తర్వాత క్లారినెట్. మన సన్నాయి మేళంవాళ్లని గుర్తు తెచ్చుకోండి. వాళ్లు లేనిదే ముహూర్తం కదలదు, భోజనాల దగ్గర మాత్రం వాళ్లది ఆఖరి బంతి. క్లెజ్మర్ల పరువూ దాదాపు అంతే. పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి ఏడిపించే తంతు ఒకటుంది. బద్ఖన్ అనే పెళ్లికవి ఆశువుగా పాడుతుంటే వయొలిన్ వెనకాల వెక్కుతుంది. ఆ వెక్కుని 'క్రెఖ్త్స్' అంటారు. గమకం అలవాటైన చెవికి అది పరాయిగా అనిపించదు. తాళం లేకుండా సాగే 'దొయినా' వింటే నాకైతే ఆలాపనే గుర్తొచ్చింది.

ఇప్పుడు శుద్ధవాదుల సంగతి. "1920ల 78 రికార్డుల్లో ఉన్నదే అసలు క్లెజ్మర్, ఇప్పటి బ్యాండ్లవి కల్తీ" అంటారు వీళ్లు. ఇలాంటివాళ్లు ప్రతి సంగీతానికీ ఉంటారు, కాలక్షేపానికి మంచివాళ్లే. కానీ ఆ రికార్డు ఏమిటో చూడండి. ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రోజుల తరబడి సాగే పెళ్లిలో, జనం కాళ్లు ఆగేదాకా వాయించే బాణీని మూడు నిమిషాలకి కత్తిరించారు. భోంగా ముందు నిలబడి చేసే రికార్డింగులో వయొలిన్, సింబల్ సరిగ్గా పట్టవు, ఊదే వాద్యాలు బాగా పడతాయి. అందువల్ల కూడా క్లారినెట్ ముందుకొచ్చింది. న్యూయార్క్ చేరిన నఫ్తులె బ్రాండ్‌వైన్, డేవ్ టారస్ ఇద్దరూ మహా వాద్యగాళ్లే, ఎవరు కాదంటారు? తన వేళ్ల పనితనం పక్కవాడు దొంగిలిస్తాడని బ్రాండ్‌వైన్ జనానికి వీపు పెట్టి వాయించేవాడని చెప్పుకుంటారు. కానీ వాళ్లు రికార్డు చేసింది అమెరికా దుకాణంలో అమ్ముడుపోయే సరుకు. యంత్రం, మార్కెట్ కలిసి కత్తిరించినదాన్ని వేదంలా వల్లించమంటే ఎలా?

1970ల్లో ఈ సంగీతాన్ని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాళ్లకి ఆ సంగతి తెలుసు. బర్క్‌లీలో 1975లో 'ద క్లెజ్మోరిమ్', బోస్టన్‌లో 1980లో 'క్లెజ్మర్ కన్సర్వేటరీ బ్యాండ్'. ఆండీ స్టాట్‌మన్ అయితే వయసు మళ్లిన టారస్ దగ్గరికే వెళ్లి శిష్యరికం చేశాడు. 1985లో హెన్రీ సపొజ్నిక్ 'క్లెజ్‌క్యాంప్' మొదలుపెట్టాడు. మరుసటేడు పుట్టిన 'ద క్లెజ్మాటిక్స్' జాజ్‌నీ రాక్‌నీ కలుపుకుని, కొత్త పాటలూ కట్టుకుని, వుడీ గత్రీ సాహిత్యంతో చేసిన ఆల్బమ్‌కి గ్రామీ కొట్టింది. వీళ్లలో చాలామంది వాయిద్యంతోపాటు యిడ్డిష్ కూడా కూర్చుని నేర్చుకున్నారు. నా వాదమంతా ఈ రెండో పని గురించే.

సినిమా దగ్గర ఈ వాదం ఇంకా పదునెక్కుతుంది. 'ద ఎల్లో టికెట్' అని 1918 నాటి జర్మన్ మూకీ ఉంది. పోలా నెగ్రి నాయిక. వార్సా యూదుపిల్ల డాక్టరీ చదవడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్తుంది. యూదులకి అక్కడ ఉండే హక్కు లేదు, వేశ్యలకిచ్చే పసుపు కార్డు ఉంటే మాత్రం ఉండొచ్చు. క్లెజ్మాటిక్స్ స్థాపకుల్లో ఒకరైన వయొలినిస్ట్ అలీషియా స్విగల్స్ దీనికి కొత్తగా సంగీతం రాసి, పియానిస్ట్ మెరిలిన్ లెర్నర్‌తో కలిసి తెర ముందు లైవ్‌గా వాయిస్తూ వచ్చింది. "మూకీని మూగగానే వదిలేయొచ్చుగా" అన్నాడు నా సినిమా మిత్రుడొకడు. మూకీలు ఎప్పుడు మూగగా ఉన్నాయి స్వామీ? మన దగ్గరా తెర పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. లైవ్ సంగీతం లేకుండా మూకీని చూడటమే అసహజం.

పైగా ఆ సినిమాలో కొంత భాగం వార్సా నలెవ్‌కీ వీధి ప్రాంతంలో తీశారు, జర్మన్ ఆక్రమణలో ఉండగా. పాతికేళ్లకి, 1943లో, అదే జర్మన్లు ఆ పేటని నేలమట్టం చేశారు. కెమెరా ముందు పోగైన జనంలో ఒక కుర్రాడు అటూ ఇటూ తచ్చాడుతుంటే మన కళ్లు కథ వదిలేసి వాడి వెంట పడతాయి. 1936లో జోసెఫ్ గ్రీన్ తీసిన 'యిడ్ల్ మితన్ ఫిడ్ల్' ఇంకో రకం. మోలీ పికన్ మగవేషం వేసి క్లెజ్మర్ బృందంలో చేరే నవ్వుల సినిమా. పోలండ్‌లో కజిమియెష్ దోల్నీ అనే ఊళ్లో తీశారు, పెళ్లి దృశ్యంలో ఆ ఊరివాళ్లే కనిపిస్తారు. ఆరేళ్లకి ఆ ఊరి యూదుల్ని మరణశిబిరాలకి తరలించారు. ఇక 1925 నాటి సోవియట్ మూకీ 'జ్యూయిష్ లక్' ఉంది. దానికి టైటిల్ కార్డులు రాసిన ఐజాక్ బాబెల్‌ని 1940లో కాల్చేశారు. అందులో నాయకుడు ఇందాకటి మిఖోయెల్సే. పేరులో అదృష్టం ఉంది మరి!

ఇలాంటి ఫిల్ముల్ని 1976 నుంచి బ్రాండైస్ యూనివర్సిటీలోని నేషనల్ సెంటర్ ఫర్ జ్యూయిష్ ఫిల్మ్ వెతికి, బాగుచేసి, సబ్‌టైటిల్స్ వేసి బయటికి తెస్తోంది. సబ్‌టైటిల్స్ వేయడం కూడా ఉద్ధరణలో భాగమేనని వాళ్లకి తెలుసు. కచేరీలు పెట్టేవాళ్లకే ఇంకా తెలిసిరాలేదు.

న్యూజెర్సీలో ఒక సాయంత్రం. సంస్థ పేరెందుకులెండి. రెండు పాత రీళ్లు, వాటికి లైవ్ బ్యాండ్, మధ్యలో నాలుగు పాటలు. కరపత్రంలో వాద్యగాళ్ల చదువులూ అవార్డులూ ఉన్నాయి, పాటల అర్థం ఒక్క ముక్క లేదు. గాయని మోరిస్ రోజెన్‌ఫెల్డ్ రాసిన 'మైన్ యింగెలె' అందుకుంది. నెమ్మదైన బాణీ. హాలంతా మెల్లగా ఊగింది, కొందరు ఫోన్ లైట్లు కూడా వెలిగించారు. "జోలపాట భలే ఉందిరా" అన్నాడు పక్కనున్న మా వాడు. అది జోలపాట కాదు. న్యూయార్క్ బట్టల కార్ఖానాల్లో గొడ్డుచాకిరీ చేసిన కవి రాసింది. కొడుకు లేవకముందే తండ్రి పనికి పోతాడు, వాడు నిద్రపోయాక వస్తాడు, కన్నకొడుకుని మెలకువలో చూసే రాతే లేదు. కారెక్కాక ఇదంతా చెప్పాను. మా వాడు పొద్దున ఆరింటి రైలుకి మాన్‌హాటన్ పోయే మనిషి, ఇంట్లో మూడేళ్ల పిల్ల. "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు, కాస్త కోపంగానే.

ఆ కోపం న్యాయమైనదే. నాకు ఆ పాట తెలియడానికి కారణం డుయోలింగో 2021లో యిడ్డిష్ పెట్టాక నేను కాలక్షేపానికి మొదలుపెట్టి వదల్లేకపోవడం. టికెట్ కొన్న ప్రతివాడూ అలా ముందే చదువుకుని రావాలా?

భాషని తీసేస్తే సంగీతం దేనికైనా అతుక్కుంటుంది. 1990ల్లో జర్మనీలో క్లెజ్మర్ మోజు నడిచింది. క్రాకొవ్ కజిమియెష్‌లో యూదులు దాదాపు లేని వీధుల్లో భోజనంతోపాటు క్లారినెట్ వడ్డిస్తారు. అక్కడే 1988 నుంచి జరుగుతున్న యూదు సంస్కృతి ఉత్సవం గానీ, వాయిద్యంతోపాటు భాషకీ తరగతులు పెట్టే వైమార్ యిడ్డిష్ సమ్మర్ గానీ ఈ గాటన కట్టాల్సినవి కావు. రెస్టారెంటు క్లారినెట్‌కీ వాటికీ తేడా వచ్చినవాడికి మాట అందించారా లేదా అన్నదే. మాట లేని ఏడుపు ఎవరినీ ఇబ్బంది పెట్టదు. అందుకే బాగా అమ్ముడుపోతుంది.

ఇంకో చికాకు సంగతి. "చివరి శ్వాసలో ఉన్న భాష" అని వేదిక మీద ఒకాయన గద్గదంగా చెప్తున్న వేళకి, బ్రూక్లిన్ విలియమ్స్‌బర్గ్‌లో హసిదిక్ పిల్లలు అదే భాషలో బస్సు సీటు కోసం కొట్టుకుంటూ ఉంటారు. వాళ్లు ఈ కచేరీలకి రారు, ఈ సినిమాలు చూడరు, క్లెజ్మాటిక్స్ రాజకీయాలు వాళ్లకి సరిపడవు. అయినంత మాత్రాన వాళ్లు లేరనుకుంటే ఎలా? ఆ పిల్లల నోట బతికున్న భాషకి సంతాపసభ పెట్టడం నాకు మర్యాదగా తోచదు.

మాటకున్న విలువ తెలియాలంటే మొయిసేయ్ బెరెగొవ్‌స్కీ కథ చాలు. 1930ల్లో యుక్రెయిన్ ఊళ్లు తిరిగి మైనపు సిలిండర్ల మీద క్లెజ్మర్ బాణీలు పట్టినవాడు. యుద్ధకాలంలో యూదు సైనికులు, ఆడవాళ్లు, పిల్లలు కట్టుకున్న యిడ్డిష్ పాటల్ని తన సహచరులతో కలిసి సేకరించాడు. 1950లో అరెస్టు చేసి గులాగ్‌కి పంపారు. కాగితాలు జప్తు. అవి 1990ల్లో కీవ్ గ్రంథాలయంలో బయటపడ్డాయి. చాలా పాటలకి సాహిత్యమే ఉంది, బాణీ లేదు. అన్నా ష్టెర్న్‌షిస్, ప్సోయ్ కొరొలెంకో కూర్చుని ఆ మాటలకి సరిపడే బాణీలు వెతికి, అతికి, 2018లో 'యిడ్డిష్ గ్లోరీ' ఆల్బమ్ తెచ్చారు. మాట దొరికింది గనక బాణీ కట్టుకోగలిగారు. బాణీ ఒక్కటే దొరికి ఉంటే, ఆ సైనికుడు ఎవరి మీద కసితో పాడాడో ఇవాళ ఏ క్లారినెట్ చెప్పగలదు?

నిర్వాహకులకి అయ్యే ఖర్చు ఎంతని? తెర కింద రెండు లైన్లు, కరపత్రంలో ఇంకో పేజీ. అవార్డుల జాబితా కాస్త తగ్గిస్తే ఆ పేజీ కూడా దొరుకుతుంది.