తగ్గిపోయిన టి.బి.ని దాచకండి

పిల్లల దగ్గర స్థిరపడడానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు కొందరు, ఎప్పుడో వచ్చి తగ్గిన టి.బి. సంగతి వీసా వైద్య పరీక్షలో చెప్పరు. చెబితే వీసా రాదని భయం. ఇది అనవసర భయం. పూర్తిగా నయమైన టి.బి. వీసాకు అడ్డు కాదు. దాచినా 15 ఏళ్లు నిండినవారికి ఛాతీ ఎక్స్‌రే తప్పదు, పాత మచ్చ అందులో బయటపడవచ్చు. అప్పుడు మూడు రోజులు కఫం ఇవ్వాలి, కల్చర్ ఫలితానికి సుమారు 8 వారాలు ఆగాలి. ముందే చెప్పినా ఈ పరీక్షలు ఉంటాయి. కానీ అబద్ధమాడారన్న మాట రాదు. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, టీకా కార్డులు వెతికి దగ్గర పెట్టుకోండి. మన ఆసుపత్రి సర్టిఫికెట్టు చాలదా అంటారు. చాలదు, వారు నియమించిన డాక్టరే చూడాలి. విమానం టిక్కెట్టు వీసా చేతికొచ్చాకే కొనండి.