గర్భసంచి తీశాక ఆమె సంగతేమిటి?

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశ సగటు 3 శాతం చిల్లర. అనవసర ఆపరేషన్లకు అడ్డుకట్ట వేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మరి ఇప్పటికే చేయించుకున్నవారి మాటేమిటి?

గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ముప్ఫై అయిదేళ్లకే ముట్లుడిగిన స్థితి. ఒంట్లో సెగలు, అర్ధరాత్రి చెమటకు తడిసిపోయే జాకెట్టు, ఆనక గుల్లబారే ఎముకలు. చేతిలో మాత్రం కాల్షియం బిళ్లల చీటీ!

రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు వంటివి లేకపోతే, ఇలాంటివారికి సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ చికిత్స మంచిదని వైద్యులే చెబుతారు. గర్భసంచి లేదు కనుక సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు, మాత్రగానో జెల్‌గానో.

అందుకే మూడు కోరికలు. అండాశయాలు ఉంచారో తీశారో డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాయించండి. ఆపరేషన్‌కు ముందే హార్మోన్ల సంగతి చెప్పించండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఈస్ట్రోజెన్ ఉచితంగా ఇప్పించి, ఏటా బీపీ, రొమ్ము పరీక్షలు చేయించండి.

ఆపరేషన్‌కు డబ్బిచ్చే ప్రభుత్వం ఆ తర్వాతి బాధ్యతా తీసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు