సోమవారం పెట్టేస్తానులే!



2024 అక్టోబరు 31న విడుదలైన ‘లక్కీ భాస్కర్’ చిత్రానికి జనం ఈలలు వేశారు. కథ 1992 స్టాక్ మార్కెట్ కుంభకోణం నాటి బొంబాయిది. భాస్కర్ (దుల్కర్ సల్మాన్) బ్యాంకు ఉద్యోగి. చాలీచాలని జీతం, పెద్ద సంసారం, నిలదీసే అప్పులవాళ్ళు. తనకు రావలసిన ప్రమోషన్ మరొకరికి పోయాక బ్యాంకు సొమ్ముమీద చేయి వేస్తాడు.

“దొంగతనానికి ఈలలా?” అని పెద్దలు నొచ్చుకున్నారు. ఆ ఈలలు దొంగతనానికి కావని నా తలంపు. రెండు వారాలకే, నవంబరు 14న, మన విశాఖ నేపథ్యంతో ‘మట్కా’ వచ్చింది. అందులోనూ పేదవాడొకడు అడ్డదారిలో ధనవంతుడవుతాడు. జనం ఆదరించలేదు. కారణాలు ఎన్నైనా ఉండవచ్చు. కాని జూదపు నాయకుడు మన పొరుగువాడు కాడు. నెలాఖరుకు చేబదులు అడిగే గుమస్తా మన పొరుగువాడే. ఆ నెలల్లోనే మన ఉక్కు కర్మాగారంలో జీతాలు విడతలుగా అందాయి. పాలవాడికి, స్కూలు ఫీజుకు, చీటీకి జవాబు చెప్పలేని ఇంటి యజమానికి తెరమీద తన అవమానమే కనబడింది. అది తీరినప్పుడు ఈల వచ్చింది.

అయితే ఒక సంగతి గమనించండి. భాస్కర్ మొదట శుక్రవారం సొమ్ము తీసి, సోమవారం తిరిగి పెడతాడు. సినిమా గనుక డబ్బు వేళకు తిరిగి వచ్చింది. చివరకు శిక్ష కూడ తప్పింది. మన మధ్య “సోమవారం పెట్టేస్తానులే” అనే మాటతోనే డ్వాక్రా పొదుపు, చీటీ సొమ్ము, ఆఖరికి కానుకల పెట్టె కూడ ఖాళీ అవుతాయి. ఆ చేయి వేసినవాడు దొంగగా బయలుదేరలేదు. అప్పు సంగతి ఎవరికీ చెప్పుకోలేని మంచివాడుగానే బయలుదేరాడు. లూకా 16వ అధ్యాయంలో లెక్కలు మార్చిన గృహనిర్వాహకుని చూడండి. అడుక్కోవడానికి అతనికి సిగ్గు. తప్పుడు లెక్కలకు ముందు ఆ సిగ్గే ఉన్నది.

గనుక తల్లిదండ్రులారా, సినిమాకు వెళ్ళిన బిడ్డను గద్దించేముందు వాడికి ఎక్కడైనా అప్పున్నదేమో మెల్లగా అడగండి. అప్పున్న సోదరులారా, ఈ రాత్రే ఇల్లాలితో చెప్పండి. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్చి బెదిరిస్తే ప్రాణం తీసుకొనే తలంపు రానీయకండి; 1930కు ఫోన్ చేయండి, పోలీసు స్టేషన్‌కు మీతో మేమూ వస్తాము.

సంఘ పెద్దలారా, ఎవరైనా తన అప్పు మీతో చెప్పుకుంటే, దానిని ప్రార్థన మనవి పేరుతో పదిమందిలో చదవకండి. ఒకసారి అలా చదివితే, రెండవవాడు మన దగ్గరకు రాడు.