దొంగ విగ్రహం కాగితాల మీదే అమ్ముడుపోతుంది

విగ్రహాల దొంగతనం మాట వస్తే మనవాళ్లకు ‘స్వామి రారా’ గుర్తొస్తుంది. 2013లో సుధీర్ వర్మ తీసిన ఆ సినిమాలో అనంత పద్మనాభస్వామి ఆలయం నుంచి పోయిన వినాయకుడు చేతులు మారుతుంటాడు. వెనకాలే కోట్ల బేరం, చిల్లర దొంగలు, రౌడీలు, నడుమ నిఖిల్, స్వాతిల ప్రేమ. హాయిగా నవ్వించిన సినిమా, దానితో నాకు పేచీ లేదు. అసలు వ్యవహారమూ అలాగే నడుస్తుందనీ, కొన్న మ్యూజియాలు పాపం మోసపోయాయనీ వాదించేవాళ్లతోనే పేచీ. ఆ వాదన ఎంత తప్పో సింగపూర్‌లోనే రుజువైంది.

సింగపూర్ నది ఒడ్డున ఉన్న ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియం 2007లో చోళుల నాటి ఉమా పరమేశ్వరి కంచు విగ్రహాన్ని 6,50,000 అమెరికన్ డాలర్లకు కొంది. తమిళనాడు అరియలూరు జిల్లాలోని ఒక శివాలయం నుంచి ఎత్తుకెళ్లిన విగ్రహం అది. అమ్మినవాడు రౌడీ కాదు, న్యూయార్క్‌లో బోర్డు పెట్టుకుని ‘ఆర్ట్ ఆఫ్ ది పాస్ట్’ గ్యాలరీ నడిపిన సుభాష్ కపూర్. దొంగ సరుకుకు పాత యజమానుల పేరిట తప్పుడు పత్రాలు పుట్టించడమే ఆ గ్యాలరీ వ్యాపారం.

తెలియక కొన్నారంటారా? వందేళ్లు దాటిన విగ్రహాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని మన 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతోంది. పైగా ఇలాంటి ఊరేగింపు విగ్రహం పీఠానికి కర్రలు దూర్చే కన్నాలో కడియాలో ఉంటాయి. ఎవరింటి హాల్లోనో అలంకారానికి పోసిన బొమ్మ కాదని వాటిని చూస్తేనే తెలుస్తుంది. ఇది ఏ గుడిది, ఎప్పుడు బయటికొచ్చింది అని గట్టిగా అడగడం కొనేవాళ్ల బాధ్యత. కపూర్ 2011లో జర్మనీలో అరెస్టయ్యాడు. అతని మేనేజరు 2013లో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, ఆ కేసులోని విగ్రహాల్లో ఈ ఉమ కూడా ఉంది. అయినా సింగపూర్ మ్యూజియం తిరిగిస్తానన్నది 2015లో! ఆ నాలుగేళ్ల జాప్యాన్ని అమాయకత్వమని నేను ఒప్పుకోను.

ఇది తమిళుల గొడవ మాత్రమే కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి పోయిన శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో ఇదే కపూర్ దగ్గర 5,95,000 డాలర్లకు కొని, 2016లో తిరిగిచ్చింది.

కపూర్ ముఠా గుట్టు బయటపెట్టడంలో ముందున్న ఎస్. విజయ్‌కుమార్ సింగపూర్‌లో షిప్పింగ్ ఉద్యోగి. ఆయన ఆయుధం పాత ఫొటోలు. గుడిలో ఉన్నప్పటి ఫొటోను మ్యూజియం కేటలాగుతో పక్కపక్కన పెట్టి పోల్చడమే ఆయన పని. పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాల కిందట తీయించిన ఆలయాల ఫొటోలు ఇలాంటి పోలికలకు ఎంతో అక్కరకొచ్చాయి. ఫొటో లేని విగ్రహం పోతే మనదని చెప్పుకోవడానికి ఆధారమే ఉండదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు పూజారిగారి అనుమతితో మీ గుడి విగ్రహాలకు ముందు, వెనక, పీఠం కనిపించేలా ఫొటోలు తీయించండి. ఎత్తు కొలిచి రాయండి. ఒక ప్రతి దేవాదాయ శాఖకు ఇవ్వండి.