ఎండ పడే వైపు

పీటర్స్‌బర్గ్‌లో జనవరి నెలలో ఎండ కాయడమంటే ఆ ఊరివాళ్ళకే వింత. ఇంచుమించు తొమ్మిదిన్నర దాకా తెల్లారదు, ఐదింటికల్లా చీకటి. 2019లో ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు ఒక ఆదివారం పొద్దున అలాంటి ఎండ దొరికింది. ముక్కు ఊడిపోయే చలి, ఆకాశం మాత్రం మన సంక్రాంతి రోజుల్లోలా నీలంగా. నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ అనే పెద్ద రోడ్డు మీద జనమంతా ఉత్తరం వైపే నడుస్తున్నారు. ఎండ అటే పడుతుంది మరి. నేనూ అటే నడిచా.

ఆ వైపు 14వ నంబరు భవనం గోడ మీద నీలం రంగు వేసి తెల్ల అక్షరాలతో ఒక హెచ్చరిక రాసి ఉంది. ఫిరంగులు పేలేటప్పుడు వీధిలో ఈ వైపు ఎక్కువ ప్రమాదం అని దాని సారాంశం. అప్పట్లో ఆ ఊరి పేరు లెనిన్‌గ్రాడ్. 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా 872 రోజులు ముట్టడిలో ఉంది. జర్మన్ల ఫిరంగులు దక్షిణాన ఉండేవి. అంటే ఎండ వచ్చే దిక్కునుంచే గుళ్ళూ వచ్చేవన్నమాట!

మన టూరు ప్యాకేజీల వాళ్ళు హెర్మిటేజ్, పీటర్‌హోఫ్ ఫౌంటెన్లు చూపించి పంపేస్తారు (చలికాలంలో ఆ ఫౌంటెన్లు ఎలాగూ కట్టేస్తారు, అది వేరే సంగతి). నన్నడిగితే సెయింట్ ఐజాక్ చౌరస్తాలోని మొక్కల పరిశోధనా సంస్థ ముందు పది నిమిషాలు నిలబడమంటాను. ప్రపంచమంతా తిరిగి సేకరించిన విత్తనాలు అందులో ఉండేవి. మన భాషలో చెప్పాలంటే పంటలకి బ్యాకప్. 1941 నవంబరు, డిసెంబరుల్లో చాలామందికి రోజు రేషను 125 గ్రాముల రొట్టె. అందులోనూ అంతా పిండి కాదు. అయినా అక్కడి ఉద్యోగులు ఆ విత్తనాల జోలికి పోలేదు. వరి విభాగం చూసే ద్మిత్రీ ఇవానొవ్ చుట్టూ వరి పొట్లాలు ఉండగానే ఆకలితో చచ్చిపోయాడు. సర్వర్ రూంలో నైట్ షిఫ్టు చేసి త్యాగం చేశామనుకునే మనం ఏం మాట్లాడతాం?

ఈ కథని అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నాకు అదే నచ్చదు. ఆ విత్తనాలు పోగుచేసిన నికొలాయ్ వవిలోవ్ అప్పుడు ఆ ఊళ్ళో లేడు. లైసెంకో బూటకపు జన్యుశాస్త్రాన్ని ఎదిరించినవాడు కదా, 1940లోనే సొంత ప్రభుత్వం అరెస్టు చేసింది. ముట్టడి చేసినవాడి క్రూరత్వం గురించి ఎంత మాట్లాడతామో దీని గురించీ అంతే మాట్లాడాలి. ప్రపంచం ఆకలి తీర్చాలనుకున్న మనిషి 1943 జనవరిలో సరాతొవ్ జైల్లో, తిండి సరిగా లేక శుష్కించి పోయాడు. నిర్దోషి అని 1955లో తేల్చారు. ఇప్పుడా సంస్థకి ఆయన పేరే.