ప్రసూతి సెలవు: కాన్పుకు ముందెంత, తర్వాతెంత?

నెల తప్పిన సంగతి ఇంట్లో చెప్పినంత సంబరంగా ఆఫీసులో చెప్పలేని పరిస్థితి ఇప్పటికీ చాలామంది ఆడపిల్లలది. చెప్పగానే పైఅధికారి అడిగే మొదటి మాట, ‘సెలవు ఎన్నాళ్లు పెడతావు?’ అనే. ఆ ప్రశ్నకు భయపడి, ‘నాలుగు నెలల్లో వచ్చేస్తానండీ’ అని ముందే ఒప్పేసుకునేవాళ్లు ఎందరో. డాక్టరు చెప్పకముందే, బిడ్డ పుట్టకముందే, బిడ్డను ఎవరు చూసుకుంటారో తేలకముందే ఇచ్చేసే మాట అది.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. మొదటి రెండు కాన్పులకు ఇది జీతంతో కూడిన సెలవు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే లెక్క. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పర్మినెంటు ఉద్యోగమే కానక్కర్లేదు. మస్టర్ రోల్ మీద పనిచేసే ఢిల్లీ మున్సిపల్ కార్మికురాళ్లకూ ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది.

అయితే ఈ 26 వారాల్లో కాన్పుకు ముందు వాడుకోగలిగేది గరిష్ఠంగా ఎనిమిది. అసలు నిర్ణయమంతా ఇక్కడే ఉంది. ఆ ఎనిమిదీ ముందే వాడేస్తే, కాన్పయ్యాక మిగిలేవి 18 వారాలు. బిడ్డకు నాలుగు నెలలు నిండీ నిండకముందే తల్లి డ్యూటీకి వెళ్లాలి. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 26 వారాలంటే 182 రోజులు, ఆరు నెలలు. సెలవంతా కాన్పు తర్వాతకి మిగిలితేనే ఈ రెండు లెక్కలూ కలుస్తాయి.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, కూతుర్ని తీసుకెళ్తారు. ఉద్యోగం హైదరాబాద్‌లో, పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న అమ్మాయి నెలలు నిండాక అంత దూరం ప్రయాణం చేయలేదు కాబట్టి ముందే బయల్దేరుతుంది. బయల్దేరిన రోజునుంచే సెలవు కరిగిపోవడం మొదలవుతుంది. పుట్టింటి ఆసరాను తక్కువ చేయను. బాలింతకు వేళకింత పథ్యం పెట్టి, రాత్రిపూట బిడ్డను ఎత్తుకునే అమ్మకు సాటి వచ్చే ఏర్పాటు ఏ కంపెనీ దగ్గరా లేదు. కానీ ఈసారికి అమ్మే కూతురి దగ్గరికి వస్తే? చివరి నెల ఇంటినుంచి పనిచేసే వీలుంటే? ముందు రోజులకు ఆర్జిత సెలవు వాడుకుంటే? ముహూర్తం పెట్టుకునే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సినవి ఇవి. బిడ్డకు ఆరు నెలలు నిండే రోజునుంచి వెనక్కి లెక్కేసుకోమనే నేను చెబుతాను.

ఇది ఆరోగ్యంగా ఉండి, కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల మాట. బీపీ పెరిగినా, కాళ్లు వాచినా, కడుపులో కవలలున్నా డాక్టరు మాటే చివరి మాట. నొప్పులొచ్చేదాకా పనిచేసిందని ఎవరినైనా మెచ్చుకునే ముందు, ఆమెకు వేరే దారి ఉందా అని అడగాలి. గర్భం వల్ల జబ్బు చేస్తే, డాక్టరు సర్టిఫికెట్ మీద 26 వారాలకు అదనంగా మరో నెల సెలవు చట్టంలోనే ఉంది. ఈ సంగతి చాలా ఆఫీసుల్లో ఎవరూ చెప్పరు. పొద్దస్తమానం నిలబడే బట్టల షోరూము అమ్మాయిల పరిస్థితి మరీ దారుణం. కాన్పుకు ముందు ఆరు వారాల్లో సెలవు పెట్టని రోజులకూ, ఆ ఆరు వారాలకు ముందరి నెలకూ, ఎక్కువసేపు నిలబడే పని తనకు వద్దని కోరే హక్కు ఆమెకుంది. కానీ అడిగితే ఉద్యోగం ఉంటుందన్న నమ్మకమే లేదు.

త్వరగా తిరిగి వచ్చేవాళ్లను పని మీద శ్రద్ధ ఉన్నవాళ్లుగా చూపించడం నాకు బాధ కలిగిస్తుంది. వాళ్లలో ఎక్కువమందిని తీసుకొచ్చేది అప్రైజల్ భయం, ఇంటి లోను వాయిదా. నాలుగో నెలలో వచ్చిన తల్లికి మధ్యాహ్నం మూడయ్యేసరికి పాలు చేపి జాకెట్ తడిసిపోతుంది. వాష్‌రూములో తలుపేసుకుని ఆ పాలు పిండి పారబోస్తుంది. పిండిన పాలు దాచుకోవడానికి ఓ గది, ఓ ఫ్రిజ్ ఉంటే అవి బిడ్డకు దక్కేవి. 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017 సవరణ చెప్పింది. దగ్గర్లో అలాంటి కేంద్రం ఉంటే సెలవు నిర్ణయమే మారిపోతుంది. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ హక్కులన్నీ రాతపూర్వకంగా తెలపాలని కూడా అదే సవరణ యజమానికి చెప్పింది. ఆ కాగితం అడగండి.

యజమానుల వైపునుంచి వినాల్సిన మాట కూడా ఒకటుంది. నెలకు 21 వేల రూపాయల వరకు జీతంతో ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ) పరిధిలో ఉన్నవాళ్లకు సెలవు కాలపు డబ్బు ఆ సంస్థే ఇస్తుంది. మిగతావాళ్ల జీతం మొత్తం యజమానే మోయాలి. పదిహేను మంది పనిచేసే చిన్న కంపెనీకి అది భారమే. పెళ్లీడు అమ్మాయిని ఇంటర్వ్యూలోనే పక్కనపెట్టే అన్యాయానికి ఇదో కారణం. ప్రసూతి ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పడకూడదని, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒడంబడికలో చెప్పింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. సెలవును 26 వారాలకు పెంచిన పార్లమెంటు ఆ ఖర్చులో ప్రభుత్వ వాటా ఎంతో చెప్పకుండా వదిలేసింది. కేంద్ర ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది కానీ, ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి చట్టం ఒక్కరోజూ ఇవ్వలేదు. ఆడపిల్లను పనిలో పెట్టుకోవడమే ఖర్చని యజమాని అనుకోవడానికి ఈ తేడా కూడా తోడవుతోంది.

వరినాట్లు వేసే కూలీకి, ఇళ్లలో పనిచేసే మనిషికి ఎంత సెలవు తీసుకోవాలన్న ప్రశ్నే రాదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు వచ్చేది 5,000 రూపాయలు. ఆరు నెలలు పని మానేసిన మనిషికి అది నెలకు 833 రూపాయలు పడుతుంది.